సెంటర్ బోల్టు తెగిన రాత్రి

మాది పాడేరు ఏజెన్సీ. నా బండి పాత మహీంద్రా ఎంఎం 540, ఫోర్ వీల్ జీపు. ముందూ వెనకా కమాన్ కట్టలే. కొండదారిలో ఏది పాడైనా సుత్తీ పానాలతో బాగుచేసుకోవచ్చని కొన్నాను. అంతకుముందు అది సంతలకి సర్వీసు తిరిగిన జీపు. లోపల కొందరు, టాపు మీద కొందరు, వెనక వేలాడుతూ ఇంకొందరు. ఆ బరువుకి కుంగిపోకుండా పాత ఓనరు వెనక కట్టలకి అదనపు పట్టీలు వేయించాడు, ఎత్తు కోసం పొడుగు షాకిళ్లు పెట్టించాడు. చూసినవాళ్లు భలే బండి అనేవారు. ఖాళీగా తోలితే మాత్రం నడుము విరిగేది.

శ్రావణమాసం వానల్లో ఒక రాత్రి, జి.మాడుగుల అవతల కొండ మీది ఊరి నుంచి కబురొచ్చింది. ఒకమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి, 108 తారురోడ్డు దాకానే వస్తుంది. వెనక పరుపు వేసి ఆమెనీ, అత్తనీ, భర్తనీ ఎక్కించుకుని దిగుతున్నాను. గెడ్డ దాటి ఒడ్డెక్కేటప్పుడు వెనక చక్రం ఒకటి, ముందు ఎదురు మూలది ఒకటి గాలిలోకి లేచాయి. లో గేరు వేసినా ఆ రెండే గిర్రున తిరిగాయి. చక్రం దబ్బున కిందపడింది, కింద ఏదో తెగిన చప్పుడు. టార్చి వేసి చూస్తే వెనక కుడిపక్క యూ బోల్టులు వదులై సెంటర్ బోల్టు తెగిపోయింది. ఇరుసు వెనక్కి జరిగి టైరు మడ్‌గార్డుకి ఆనుకుంది.

"అన్నా, డోలీ కట్టీమంటావా?" అన్నాడు భర్త. కట్టమన్నాను. అతను ఊళ్లోకి పరిగెత్తాడు. ఆమెని దింపి టార్పాలిన్ కింద పడుకోబెట్టాం. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె అరుపు, వెనకే అత్త తిట్లు. ఎవర్ని తిడుతోందో తెలీదు, నన్నే అనుకున్నాను. జాకీ బురదలో దిగిపోతుంటే రాతిపలక పెట్టి లేపాను. గునపంతో ఇరుసుని ముందుకి నెట్టి, గొలుసుతో ముందు హ్యాంగరుకి కట్టి, యూ బోల్టులు బిగించాను. వీపు కింద నుంచి నీళ్లు పారుతూనే ఉన్నాయి. ఈలోపే కుర్రాళ్లు వచ్చి ఆమెని డోలీలో మోసుకుపోయారు. నేను నత్తనడకన రోడ్డు చేరేసరికి అంబులెన్సు వెళ్లిపోయింది. ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. ఆ రాత్రి నా జీపు కంటే డోలీయే ముందు చేరింది.

తర్వాత షెడ్డులో అందరూ ఇచ్చిన సలహా ఒకటే: ఇంకో పట్టీ వెయ్యి, ఇంకాస్త ఎత్తు లేపు. నేను ఒప్పుకోలేదు. కట్ట వంగితేనే చక్రం గుంటలోకి దిగి నేలని పట్టుకుంటుంది. గట్టిపడితే పైనే వేలాడుతుంది. మామూలు డిఫరెన్షియల్ ఆ ఖాళీ చక్రాన్నే తిప్పుతుంది, నేల మీదున్నది కదలదు. అదనపు పట్టీలు తీయించాను. మిగిలినవాటి తుప్పు గీకించి, వంపు సరిచేయించి, మధ్యలో గ్రాఫైట్ గ్రీజు పూశాం. కొలిమిలో కాలుస్తానంటే వద్దన్నాను, ఆ ఉక్కుకి మళ్లీ సరిగ్గా పదును పెట్టకపోతే స్ప్రింగు గుణం పోతుంది. ముందు ఇరుసు కోణం మార్చి స్టీరింగుని తిక్కగా చేసిన పొడుగు షాకిళ్లూ పోయాయి. చక్రం పూర్తిగా వేలాడినప్పుడూ, పూర్తిగా అణిగినప్పుడూ కొలిచి మరీ షాకబ్జర్లు తెచ్చాను. పొట్టివైతే అవే చక్రాన్ని దిగనివ్వవు. యూ బోల్టులు కొత్తవి వేసి, బండి బరువు చక్రాల మీద పడ్డాక బిగించి, కొంత దూరం తిరిగాక మళ్లీ బిగించాం.

ఇప్పుడు బండి కాస్త పొట్టిగా కనిపిస్తుంది. ఆ గెడ్డ ఒడ్డు మాత్రం ఎక్కుతోంది. మా వైపు జీపులు తోలే అన్నదమ్ములకి నేను చెప్పేదిదే: వానలకి ముందే బండి కింద దూరి నాలుగు కట్టల యూ బోల్టులకీ పానా పెట్టి చూడండి, సెంటర్ బోల్టులు రెండు దగ్గరుంచుకోండి.