ఊక లేని గింజ, ఊక ఉన్న పేట

పుదుచ్చేరిలో ఫ్రెంచి వీధులకు వాయవ్యంగా ఉన్న తట్టాంచావడి, పర్యాటకులు వెతుక్కుంటూ వచ్చే పేట కాదు. తమిళంలో తట్టాన్ అంటే కంసాలి, చావడి అన్న మాట తెలుగువారికీ సొంతమే. అయితే ఈ పేరు వినగానే ఇప్పటివారికి గుర్తొచ్చేవి పారిశ్రామికవాడ, పరిశ్రమల శాఖ కార్యాలయం, రైతులు ధాన్యం తెచ్చి అమ్ముకునే మార్కెట్ ప్రాంగణం. రై పేల్ ఏల్ అనే బీరును రుచి చూడటానికి ఇలాంటి చోటికి రావడం మొదట విడ్డూరంగా తోచినా, ఆ బీరు తయారీలో వరి ఊక చేసే పని తెలిసినవారికి వడ్ల బస్తాల పొరుగు తగినదేననిపిస్తుంది.

ఉత్తరాది వంటింట్లో రై అంటే ఆవాలు, కాని ఇక్కడి రై గోధుమకూ యవలకూ దగ్గరి చుట్టమైన ధాన్యం. చలికీ సారం తక్కువైన నేలకూ ఓర్చుకుని ఉత్తర, తూర్పు ఐరోపాల్లో పండి, అక్కడి నల్లరొట్టెకు ఆధారమైంది. పేల్ ఏల్ అంటే, మొలకెత్తించి లేతగా ఆరబెట్టిన యవలతో, అంటే పేల్ మాల్టుతో, కాచిన రసానికి చేదుకూ వాసనకూ హాప్స్ పూలు చేర్చి, 20 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూ వేడిమిలో ఏల్ ఈస్టుతో పులియబెట్టిన బీరు. ఆ మాల్టులో కొంత భాగం, తరచుగా పదోవంతు నుంచి అయిదోవంతు వరకు, రై అయితే అది రై పేల్ ఏల్ అవుతుంది.

చిక్కంతా ఆ అయిదోవంతులోనే ఉంది. యవ గింజ నూర్చినా పొట్టు వదలదు కనుక, వేడినీటిలో నానిన ముద్ద నుంచి తీపి రసాన్ని దించేటప్పుడు ఆ పొట్టే జల్లెడగా పనిచేస్తుంది. రైకి అలాంటి పొట్టు మిగలకపోగా, అందులోని అరబినోజైలాన్ అనే జిగురు పదార్థం నీటిని విపరీతంగా పీల్చుకుని రసాన్ని గంజిలా చిక్కబరుస్తుంది. ముద్ద బిగుసుకుని ధార ఆగిపోయే ఈ ఆపదకు బీరు తయారీదారులు కనిపెట్టుకున్న విరుగుడు, రుచీ వాసనా పెద్దగా అంటించని వరి ఊకను ముద్దలో కలిపి రసానికి దారి చేయడం. వరి పొలం కంటపడని దేశాల్లో సంచుల్లో కొనుక్కునే ఆ ఊక, తమిళనాట బాయిలర్లకూ ఇటుక బట్టీలకూ పోయే సరుకు.

బీరులో యవలు, హాప్స్, నీరు మాత్రమే ఉండాలన్న 1516 నాటి బవేరియా శాసనం గోధుమనూ రైనీ రొట్టెల కోసం మిగల్చడానికేనని సాధారణంగా చెబుతారు. అలా ఒకప్పుడు బీరుకు దూరం పెట్టిన రైతోనే, అమెరికాలో జార్జియా రాష్ట్రపు ఏథెన్స్‌లో టెర్రపిన్ సంస్థ 2002లో తన తొలి బీరుగా రై పేల్ ఏల్‌నే విడుదల చేసి, అదే ఏడు గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్‌లో స్వర్ణం గెలుచుకుంది.

ఇక తట్టాంచావడిలో గ్లాసును వంచి పోసినప్పుడు కనిపించేది పలచని టీ డికాక్షన్‌కు దగ్గరి రాగి వర్ణం, దానిపై మీగడలా నిలిచే నురగ. ముక్కుకు ముందు తగిలేది నారింజ తొక్కను పోలిన హాప్స్ వాసన, రొట్టె వాసన ఆ తరువాతే. రైకి మిరియపు ఘాటు ఉంటుందని పాశ్చాత్య రుచి నిపుణులు రాస్తారు. పండుమిర్చి పచ్చడికి అలవాటుపడిన నాలుక దాన్ని ఘాటుగా ఒప్పుకోవడం కష్టం. పెనం మీద ఒక పక్క కాస్త మాడిన జొన్నరొట్టె అంచును కొరికితే తెలిసే పొడి చేదు అనడం మరింత న్యాయంగా ఉంటుంది. తయారీలో ధారను ఆపిన ఆ జిగురే నోటిలో మెత్తని నిండుదనమవుతుంది కాబట్టి, ఊక వేసి దాన్ని దాటగలిగినవారికే ఆ గుణం దక్కుతుంది.

తట్టాంచావడి ఉక్కలో గ్లాసు బయట చెమ్మ పట్టి, పదిహేను నిమిషాలకే చల్లదనం తగ్గుతుంది. మరీ చల్లగా ఉన్నంతసేపూ దాగిన రొట్టె వాసన అప్పుడే పైకి వస్తుంది, ఒక్కో గుక్క తాగిన చోట నురగ ఒక్కో వలయంగా గాజుకు అంటుకుని మిగులుతుంది.