మెస్ అంటే

హైదరాబాద్ శివార్లలోని బహదూర్‌పల్లిలో ‘మెస్’ అన్న మాట ఎవరి నోట వస్తోందో చూసుకుని అర్థం చెప్పుకోవాలి. మహీంద్రా యూనివర్సిటీ హాస్టల్ పిల్లలకు అది వేళకు అన్నం దొరికే చోటు. దగ్గర్లోని దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో మర్యాదలు, నియమాలు పాటిస్తూ భోంచేసే చోటు. ఆఫీసు మీటింగులో ఆ మాట పడితే మాత్రం గందరగోళమే.

నిజానికి ఈ గందరగోళం ఆ మాటకు చాలా ఆలస్యంగా అంటుకుంది. పెట్టడం, పంపడం అనే అర్థమున్న లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరినప్పుడు మెస్ అంటే వడ్డించిన వంటకం. తర్వాత కలిసి తినే జట్టు. పశువులకు కలిపి పెట్టే కుడితిలాంటి తిండినీ అలాగే అన్నారు. అక్కణ్ణించి కలగాపులగం, 19వ శతాబ్దానికి చిందరవందర. లండన్‌లో బారిస్టరీ చదివేవాళ్లు నలుగురేసి జట్టుగా కూర్చుని తింటే ఆ జట్టు కూడా మెస్సే. 1888లో అక్కడికి వెళ్లిన గాంధీగారిని తమ నలుగురిలో ఒకరిగా రమ్మని పిలిచేవాళ్లకు కొదవలేదట. జట్టుకిచ్చే రెండు సీసాల వైన్ ఆయన ముట్టరు కదా!

గందరగోళం అనే అర్థాన్ని కూడా బహదూర్‌పల్లి గట్టిగానే చూసింది. ఇవాళ్టి టెక్ మహీంద్రా ప్రాంగణం ఒకప్పుడు సత్యం కంప్యూటర్స్‌ది. లెక్కల్లో చూపిన 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని 2009 జనవరి 7న ఆ సంస్థ ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాశారు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా చేతికొచ్చేదాకా వేలమంది ఉద్యోగులు బిక్కుబిక్కుమంటూ గడిపారు. అక్కడే 2014లో మహీంద్రా ఎకోల్ సెంట్రల్ అనే ఇంజినీరింగ్ కాలేజీ మొదలైంది, 2020లో యూనివర్సిటీ వచ్చింది.

నాకు జట్టు అనే పాత అర్థమే ఇష్టం. మన యూనివర్సిటీ హాస్టళ్ల ‘డివైడింగ్ మెస్’లో అది ఇంకా బతికే ఉంది. నెల ఖర్చంతా తినేవాళ్ల మధ్య పంచుతారు. ఒకడు కంచంలో వదిలేసిన అన్నం అందరి బిల్లుకూ ఎక్కుతుంది. మెస్ వ్యవహారం నెత్తినేసుకున్న కుర్రాడికి కందిపప్పు ధర తెలుస్తుంది, వంటమనిషి కష్టం తెలుస్తుంది, నలుగురికీ ఒప్పే కూర ఏదో తేల్చడం తెలుస్తుంది. ఇల్లు విడిచి వచ్చిన పిల్లలకు ఇంత చదువు ఏ క్లాసులోనూ దొరకదు. అందుకే పిల్లల్ని చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులు గదులు, లైబ్రరీ చూసి వెనుదిరగకుండా, ఒక పూట మెస్‌లో వాళ్ల పక్కన కూర్చుని తిని వెళ్లాలని నా కోరిక.