వెళ్ళొస్తా

ఇంజనీరింగ్ హాస్టల్లో కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడినవాళ్ళకి స్ప్రే అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: ఒక మీట నొక్కితే మనం ఎంచుకున్న బొమ్మ ఆటలో ఎదురుగా ఉన్న గోడ మీద పడుతుంది. ఎవరినైనా చంపాక పక్క గోడ మీద స్ప్రే కొట్టి పోవడం అప్పట్లో పెద్ద పొగరు. అందరం నెట్‌లో దొరికిన పుర్రెలూ, హీరోల మొహాలూ పెట్టుకుంటే, నా రూమ్మేట్ మాత్రం పెయింట్‌లో చుక్క చుక్కా పేర్చి, ఆకుపచ్చ రంగులో ఒక తెలుగు మాట గీసుకున్నాడు: ‘వెళ్ళొస్తా’. మమ్మల్ని చంపి, మర్యాదగా సెలవు తీసుకుని పోయేవాడు.

2021లో వాడు చనిపోయాడు. మొన్న సంక్రాంతికి బ్యాచ్ అంతా కలుద్దామనుకున్నప్పుడు, వాళ్ళమ్మగారు కూడా వస్తానన్నారు. ఆ స్ప్రేని అచ్చు వేయించి, ఫ్రేము కట్టించి ఇద్దామని నాకు తోచింది. వాడి లాప్‌టాప్ ఎప్పుడో పోయింది. ఫైలు నా దగ్గరే దొరికింది. ఈ ఆటలో అవతలివాళ్ళ స్ప్రేలు మన కంప్యూటర్లోకి దిగి, కస్టమ్.హెచ్‌పీకే అనే ఫైల్లో పోగుపడతాయి. నా పాత హార్డ్ డిస్క్‌లో అది ఇన్నేళ్ళూ నాకు తెలియకుండానే ఉంది.

ఈ ఆటకి తల్లి 1998 నాటి హాఫ్-లైఫ్. దాని ఇంజన్ 1996లో వచ్చిన క్వేక్ నుంచి పుట్టింది. ఆ కాలపు పొదుపంతా ఈ బొమ్మల్లో కనిపిస్తుంది. ఒక్కో పిక్సెల్‌కి ఒకటే బైటు. అది రంగు కూడా కాదు, 256 రంగుల పట్టికలో ఒక వరుస సంఖ్య. పట్టికలో చివరి రంగు పారదర్శకం, అక్కడ నీలం పెట్టడం అలవాటు. మొత్తం 14,336 పిక్సెళ్ళు దాటకూడదు. వాడి బొమ్మ 112 × 128, అంటే సరిగ్గా 14,336. ఇచ్చిన జాగాలో ఒక్క చుక్క కూడా వదులుకోలేదు.

అచ్చుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి. ఆ లెక్కన బొమ్మ వెడల్పు సెంటీమీటరు కూడా రాదు. ముందు ఒక ఏఐ టూల్‌తో పెద్దది చేశాను. నున్నగా, బ్రహ్మాండంగా వచ్చింది. కాసేపాగి మళ్ళీ చూస్తే ‘స్తా’ కింద త వొత్తు లేదు. ఏడెనిమిది చుక్కల వొత్తుని మరక అనుకుని అలికేసింది. వాడెప్పుడూ పూర్తిగా కలపని ‘వ’ చుట్టుని కూడా చక్కగా కలిపేసింది. పాత పుస్తకాలు మళ్ళీ అచ్చువేసేవాళ్ళు రచయిత నుడికారాన్ని ‘సరిదిద్దితే’ సమీక్షల్లో విరుచుకుపడతాను నేను. ఇప్పుడు చేయబోయింది అదే పని.

అందుకని నునుపు మానేసి, ఒక్కో పిక్సెల్‌ని 30 × 30 గడిగా పెంచాను. 11.2 × 12.8 అంగుళాలు వచ్చింది. జేపెగ్ గడుల అంచుల్లో మురికి చేరుస్తుంది కాబట్టి టిఫ్‌లో దాచాను. మొదటి ప్రూఫ్‌లో ఆ నీలాన్ని తీసెయ్యడం మర్చిపోయాను. అక్షరాల వెనక ఊదారంగు పలక తేలింది. తెర మీది ఆకుపచ్చ నాలుగు సిరాల్లో దొరకదు. సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తే వడిలిపోయింది. బొమ్మలో ఉన్నవి ఐదు రంగులే కనక, ఒక్కోదానికీ సీఎంవైకే విలువలు చేత్తో ఇచ్చుకున్నాను. ఆకుపచ్చకి సయాన్ 70, పసుపు 100. అయినా ఆనాటి వెలుగు రాలేదు. కాగితం మీద అది రాదు.

“సార్, బొమ్మ పగిలిపోయింది, కోరెల్లో ట్రేస్ చేసి నీట్‌గా ఇస్తా” అన్నాడు డీటీపీ షాపు అబ్బాయి.

“వద్దు తమ్ముడూ, అది అలాగే ఉండాలి.”

ఆంటీకి ఆట సంగతీ, చంపడాల సంగతీ చెప్పలేదు. హాస్టల్లో వాడు గోడ మీద రాసుకున్న మాట అని మాత్రం అన్నాను. ఆవిడ ఫ్రేముని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశారు.

“వ ఎప్పుడూ ఇలాగే రాసేవాడు. దీనికోసం నా చేత ఎన్ని మొట్టికాయలు తిన్నాడో” అన్నారు.