సముద్రం వినిపిస్తే చాలు

పేపరు విప్పితే అదే బొమ్మ. పదకొండో అంతస్తులో బాల్కనీ, అందులో రెండు పేము కుర్చీలు, వాటిలో చక్కగా తల దువ్వుకున్న తెల్లజుట్టు దంపతులు, ఎదురుగా నీలంగా సముద్రం. విశ్రాంత జీవితానికి ఇదే చోటు అంటూ కింద ఓ మాట, దాని కింద ఫోన్ నంబరు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు చిర్రెత్తుకొస్తుంది. సముద్రం దగ్గర బతకడమంటే పొద్దస్తమానం దాన్ని చూస్తూ కూర్చోవడమని వీళ్లకెవరు చెప్పారు? మనది తూర్పు తీరం. పొద్దున ఏడు దాటిందంటే నీళ్ల మీద పడ్డ ఎండ కళ్లలో గుచ్చుకుంటుంది. లక్షలు పోసి కొన్న సముద్రానికి కర్టెన్లు వేసుకోవాలి.

మా ఈడు వాళ్లందరికీ ఇప్పుడు ఇదే ధ్యాస. హైదరాబాదులోనో బెంగళూరులోనో ముప్పయ్యేళ్లు ఉద్యోగాలు చేసి, పిల్లల్ని అమెరికా పంపించి, మిగిలిన రోజులు ఏదైనా ప్రశాంతమైన సముద్రతీరంలో గడుపుదామనుకుంటున్నారు. మంచి కోరిక. ఈ తీరంలోనే పుట్టి పెరిగినదాన్ని గనక నన్ను అడుగుతారు. భీమిలి బాగుంటుందా, కళింగపట్నమా, చీరాల దగ్గర వాడరేవా? ఊళ్ల సంగతి తర్వాత చెబుతాను. ముందు ఒక్కటి వినండి. సముద్రం కనిపించే చోటు కొనకండి, వినిపించే చోటు కొనండి.

ఏదైనా పాత జాలరిపేటకి వెళ్లి చూడండి. తరతరాలుగా సముద్రం మీద బతుకుతున్నవాళ్లు ఇళ్లు ఎక్కడ కట్టుకున్నారు? ఇసుకదిబ్బ దాటి, లోపలికి, కాస్త మెరక చూసుకుని కట్టుకున్నారు. ఒడ్డున ఉండేవి తెప్పలు, వలలు. ఉప్పాడలాంటి చోట అలలు గోడలు తాకుతున్నాయంటే అది వాళ్లు వెళ్లి ఒడ్డున కట్టుకున్నందువల్ల కాదు, సముద్రమే ఏటికేడాది ఊరిని కోసుకుంటూ లోపలికి వచ్చింది. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు ఎన్నిసార్లు వేసినా తుఫానుకోసారి తెగిపోతూనే ఉంటుంది.

భీమిలి దారిలో ఓ పేటలో నాకు వాడుకగా చేపలిచ్చే ముసలమ్మ ఉంది. ఒడ్డునే లేస్తున్న కొత్త కట్టడం చూపించి, అక్కడ ఇల్లు కొంటే ఎలా ఉంటుందని అడిగాను. కత్తిపీట ముందు కూర్చుని కానాగంతకి పొట్ట చీలుస్తోంది. తల ఎత్తకుండానే, "అక్కడ మావోళ్లెవులూ ఇల్లు కట్టరమ్మా" అంది. ఏం, అన్నాను. "అది గంగమ్మతల్లి నడిసే తోవ కదేటి. తల్లి రోజూ రాదు. వచ్చిన్నాడు మనం అడ్డంగా ఉండకూడదు." 1991లో కేంద్ర ప్రభుత్వం పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా కట్టడాల మీద ఆంక్షలు పెడుతూ తీరప్రాంత నియంత్రణ నిబంధనలు తెచ్చింది. తర్వాత 2011లోనూ 2019లోనూ వాటిని మార్చారు. పల్లెల్లో జనం ఒత్తుగా ఉన్నచోట కట్టకూడని మేర 50 మీటర్లకి దిగింది. నేనైతే ముసలమ్మ లెక్కనే పాటిస్తాను.

ఇంకో సంగతి. స్థలాలు చూపించేవాళ్లు మిమ్మల్ని తీసుకెళ్లేది సంక్రాంతి రోజుల్లో. అప్పుడు సముద్రం పళ్లెంలో పోసినట్టు ఉంటుంది, గాలి చల్లగా ఉంటుంది. ఆశ్వయుజంలోనో కార్తీకంలోనో వెళ్లి చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన మర్నాడు మా వీధిలో చెట్లకి పచ్చటి ఆకు లేదు. విరిగినవి విరగ్గా, నిలబడిన చెట్ల ఆకులు కూడా మంట తగిలినట్టు ఎర్రగా మాడిపోయాయి. కిటికీ అద్దం మీద వేలు పెట్టి నాలుక్కి రాసుకుంటే ఉప్పు. ఒడ్డుకి దూరాన ఉన్న మాకే అలా ఉంటే, అలల ముందు నిలబడ్డ బాల్కనీల సంగతి ఆలోచించండి. తుఫాను లేని రోజుల్లో కూడా ఉప్పుగాలి ఊరుకోదు. గేటు బందులు, ఏసీ బయటి పెట్టె, గ్రిల్లు, ఒక్కొక్కటిగా తుప్పు పట్టి రాలిపోతాయి. మధ్యలో ఓ సరుగుడు తోట, నాలుగు వరసల ఇళ్లు ఉంటే ఆ గాలి మెత్తబడుతుంది. హోరు మాత్రం వస్తుంది. రాత్రి ఊరు మాటుమణిగాక మంచం మీదికే వస్తుంది.

ఇక అసలు విషయం. బావి.

సముద్రపు ఊళ్లో ఇల్లు చూడటానికి వెళ్తే నేను గదులు చూడను, వాస్తు అడగను. నేరుగా పెరట్లోకి వెళ్లి, బావిలో చేద వేసి, నీళ్లు తోడి, దోసిలి పట్టి తాగుతాను. ఒడ్డున తియ్యటి నీళ్లు దొరకడం దేవుడి మహిమ అనుకుంటారు గానీ దానికో కారణం ఉంది. వానకి ఇసుకలో ఇంకిన నీరు కింద ఉన్న ఉప్పునీటి కంటే తేలిక. అందుకని కలిసిపోకుండా దాని మీద తేలుతుంది. సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, దాని కింద సుమారు 40 అడుగుల లోతు దాకా మంచినీరే ఉంటుందని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. ఈ లెక్కకి రెండోవైపు కూడా చూడాలి. పైన ఒక్క అడుగు తోడేస్తే కింద నుంచి ఉప్పునీరు 40 అడుగులు పైకి వస్తుంది. అందుకే మన పెద్దలు తీరంలో వెడల్పుగా, తక్కువ లోతుతో బావులు తవ్వుకున్నారు. చేదతో తోడినంత తోడి ఆపేవారు. రాత్రికి మళ్లీ ఊరేది.

భీమిలిలో మా అమ్మమ్మగారి పెరట్లో అలాంటి బావి ఉండేది. రాతి ఒర, తాడు ఒరిపిడికి దాని మీద వేలు పట్టేంత గాడులు. వేసవిలో కూడా నీళ్లు పైకే ఉండేవి. మజ్జిగ కలిపితే ఆ నీళ్లతోనే, పప్పు ఉడికితే ఆ నీళ్లతోనే. మిగతా బావుల నీళ్లకి కందిపప్పు బద్దలుగానే మిగిలిపోతుందని అమ్మమ్మ గట్టి నమ్మకం. వీధిలో వాళ్లంతా బిందెలు పట్టుకుని వచ్చేవారు. తెల్లవారుజామున గిలక చప్పుడికే మాకు మెలకువ. "ఒసే, బావి దగ్గర చెప్పులు విప్పవే" అని అరిచేది. పూజగదిలో ఎంత మడో బావి దగ్గరా అంతే మడి.

ఆ బావి ఇప్పుడు ఉప్పుకయ్యగా ఉంది. రెండు వీధుల అవతల ఓ పెద్ద అపార్ట్‌మెంటు లేచింది. లోతుగా బోర్లు దింపి, పగలూ రాత్రీ మోటార్లు వేశారు. ముందు వేసవిలో మాత్రం ఉప్పగా అనిపించింది. తర్వాత కార్తీకంలోనూ అంతే. ఇప్పుడు ఆ వీధి మొత్తం క్యాన్‌ నీళ్లు కొనుక్కుంటోంది. ఆ బోర్లు దింపినవాళ్లు కూడా క్యాన్‌లే కొంటున్నారు. దీన్ని నేను క్షమించలేను. చిన్న విషయాన్ని పట్టుకుని వేలాడుతున్నానని మా అన్నయ్య అంటాడు. తరాల తరబడి ఊరిని బతికించిన నీళ్లని పదేళ్లలో పాడుచేయడం చిన్న విషయమెలా అవుతుంది అన్నయ్యా?

కనక ఊరు ఎంచుకునేటప్పుడు బోర్లు తక్కువ, బావులు ఎక్కువ ఉన్న ఊరు చూసుకోండి. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం నాకు ఇష్టం. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు లైట్‌హౌసు, తాటితోపులు, సందడి లేని వీధులు ఉన్నాయి, ఎగువన శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయి. భీమిలిలో ఇంకా మంచి సందులు మిగిలాయి. 1861లోనే మునిసిపాలిటీ అయింది అది, డచ్చివాళ్ల సమాధులున్న ఊరు. గోస్తనీ నది వైపు వీధులు చూసుకోండి. ఏ ఊరైనా, గుండెలో నొప్పి వస్తే గంటలో పెద్దాసుపత్రికి చేరగలగాలి. అది మీకు నేను చెప్పక్కర్లేదు.

చివరగా పొరుగు. ప్రశాంతత కావాలని వచ్చి, పొద్దునే వల లాగేవాళ్ల కేకలు పడవని, ఒడ్డున ఎండబెట్టిన చేపల కంపు భరించలేమని ఫిర్యాదులు రాసేవాళ్లని చూశాను. ఒక కాలనీవాళ్లు సంతకాలు సేకరించి, ఆడవాళ్లు నెత్తళ్లు ఆరబెట్టుకునే ఇసుక నుంచి వాళ్లని తరిమేయించారు. ఆ ఇసుక ఎవరిది? ఎండుచేప వాసన పడనివాళ్లు దయచేసి సముద్రం జోలికి రాకండి. కొండల్లోనూ బోలెడు ప్రశాంతత ఉంది.

ఎండునెత్తళ్ల విలువ తెలిసేది ఏప్రిల్ 15 నుంచి. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మరపడవల వేట ఆపేస్తారు. పచ్చిచేప కరువు. సరిగ్గా అప్పుడే మామిడికాయ కూడా దిగుతుంది. నెత్తళ్ల తలలు తుంచి, ఇసుక పోయేదాకా గోరువెచ్చటి నీళ్లలో కడిగి, పిండి, కాస్త నూనెలో కరకరలాడేలా వేయించి పక్కన పెట్టుకోవాలి. అదే నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయలు, ఆ తర్వాత తొక్కతోనే మామిడికాయ ముక్కలు వేయాలి. ముక్క మెత్తబడుతుండగా నెత్తళ్లు వేసి మూత పెట్టాలి. చింతపండు వేసేవాళ్లున్నారు. మామిడికాయ ఉండగా చింతపండు ఎందుకు? ఉప్పు ఆఖర్న, రుచి చూసుకుని వేయాలి, చేపలో ఉన్న ఉప్పు చాలావరకు సరిపోతుంది. అన్నం మాత్రం పొగలు కక్కుతూ ఉండాలి.