భుజం మీది మచ్చ

నా ఎడమ భుజం మీద బీసీజీ టీకా మచ్చ ఉంది. అది ఆవు చలవేనని చాలా కాలం నాకు తెలీదు.

హోసూరు పక్క మా ఊళ్లో మాకొక సీమావు ఉండేది. మేత మేస్తున్నా చిక్కిపోయేది, ఒకటే దగ్గు. పశువుల డాక్టరు మెడకు సూది వేసి, మూడోనాడు వచ్చి వాపు తడిమి, "క్షయ" అన్నాడు. నాయన దాన్ని వేరుగా కట్టేశాడు. పాలు ఎవరికీ పొయ్యనీలేదు. అమ్మితే ఇంకొకరి కొట్టంలోకి జబ్బు పోతుంది. కసాయికివ్వడానికి మనసొప్పలేదు.

"మా పిల్లోడికి వేసిన టీకా దీనికి లేదా సామీ?" అని అమ్మ అడిగింది. డాక్టరు నవ్వి ఊరుకున్నాడు.

అది నవ్వే ప్రశ్న కాదు. ఫ్రాన్సులో కాల్మెట్, పశువైద్యుడు గేరాన్ కలిసి ఆవు క్షయ క్రిమినే 1908 నుంచి పదమూడేండ్లు, పైత్యరసం కలిపిన ఉర్లగడ్డ ముక్కల మీద 230 మార్లు మార్చి పెంచి, దాని కోరలు పీకారు. 1921లో అదే పసిబిడ్డకు టీకా అయింది. ఆవుకు మాత్రం దక్కలేదు. టీకా వేసిన ఆవుకూ పరీక్షలో మెడ వాస్తుంది. రోగమేదో, టీకా ఏదో తేలదు. పడమటి దేశాలు వాపు వచ్చిన ఆవును చంపి జబ్బును అణిచాయి. మనకు ఆ దారి లేదు.

బీసీజీలో లేని క్రిమి ప్రొటీన్లతో రెంటినీ వేరుచేసే పరీక్ష ఇప్పుడు వచ్చింది. టీకా వేసిన దూడల నుంచి జబ్బు పాకడం బాగా తగ్గిందని ఇథియోపియాలో జరిగిన పరిశోధన 2024లో చెప్పింది.

మా ఆవు ఆ ఏడే పోయింది. అమ్మా లేదు. ఆమె అడిగిన మాట మాత్రం మిగిలింది.