మునిగినవాళ్ళ బొమ్మలెక్కడ?

వచ్చే వేసవిలో నేనూ మా ఆవిడా గ్రీసు వెళ్దామనుకుంటున్నాం. గ్రీసు అనగానే అందరూ "శాంటోరినీయేనా?" అని అడుగుతారు. సినిమా పాటల్లో చూసిన తెల్లగోడలూ, నీలి గుమ్మటాలూ గుర్తొస్తాయి కాబోలు. మేం వెళ్దామనుకున్నది అక్కడికి కాదు. సమొత్రాకి అని ఈజియన్ సముద్రానికి ఈశాన్య మూలన ఒక చిన్న ద్వీపం ఉంది. వైశాల్యం 180 చదరపు కిలోమీటర్లు మించదు, జనం మూడు వేల లోపు, మేకలు మాత్రం జనానికి ఎన్నో రెట్లు. విమానాశ్రయం లేదు. ఏథెన్సు నుంచి అలెగ్జాండ్రూపొలి అనే ఊరికి ఓ గంట విమానంలో వెళ్ళి, అక్కడ ఓడ ఎక్కితే సుమారు రెండు గంటల ప్రయాణం.

"అక్కడ ఏముందని?" అని అడిగాడు ఒక మిత్రుడు. 1611 మీటర్ల కొండ ఉంది. సముద్రదేవుడు పొసైడన్ ట్రాయ్ యుద్ధాన్ని ఆ శిఖరం మీద కూర్చుని చూశాడని హోమర్ రాశాడు. వేడినీటి బుగ్గలున్నాయి, జలపాతాలున్నాయి. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం మెట్ల మీద తల లేకుండా, రెక్కలు చాచి నిలబడ్డ విజయదేవత విగ్రహం 1863లో దొరికింది ఇక్కడే. అసలుది ఫ్రెంచివాళ్ళు పట్టుకుపోగా, ఈ ఊరి మ్యూజియానికి ప్లాస్టరు నకలు మిగిలింది. కానీ నన్ను అక్కడికి లాగుతున్నది వీటిలో ఏదీ కాదు. రెండువేల నాలుగు వందల ఏళ్ళ కిందట ఒక నాస్తికుడు అక్కడ అడిగాడని చెప్పే ఒక ప్రశ్న.

సమొత్రాకిలో 'మహాదేవతల' గుడి ఒకటుండేది. ఆ దేవతలు ప్రధానంగా సముద్రంలో ఆపద రాకుండా కాపాడేవాళ్ళు. అక్కడ రహస్యంగా దీక్ష ఇచ్చేవారు. ఒక మంచి మాట చెప్పాలంటే, ఆ దీక్షకి ఆడా మగా, బానిసా యజమానీ, గ్రీకువాడూ పరాయివాడూ అన్న తేడా లేదు. మన గుళ్ళలో చాలావాటికి ఆ మాట మొన్నమొన్నటిదాకా చెప్పగలిగే పరిస్థితి లేదు కదా! దీక్ష పుచ్చుకున్నవాళ్ళు నడుముకి ఊదారంగు పట్టీ కట్టుకునేవారు, వేలికి ఇనప ఉంగరం పెట్టుకునేవారు. ఈ ఉంగరాల ఇనుము అయస్కాంతం దగ్గర గెంతడం గురించి రోమన్ కవి లుక్రీషియస్ ప్రస్తావిస్తాడు. ఆయన దానికి దేవుణ్ణి కాకుండా అణువుల్ని కారణంగా చూపబోయాడు. వివరణ తప్పే, దారి మాత్రం సరైనదే. మన అమీర్‌పేట రంగురాళ్ళ దుకాణాల్లో అంతమాత్రం ప్రయత్నం కూడా కనపడదు.

దీక్షకి ముందు "నీ జీవితంలో చేసిన ఘోరమైన పాపం చెప్పు" అని పూజారి అడిగేవాడట. స్పార్టా సేనాని లైసాండర్ "అడుగుతున్నది నువ్వా, దేవుళ్ళా?" అన్నాడట. దేవుళ్ళే అన్నాడు పూజారి. "అయితే నువ్వు కాస్త పక్కకి తప్పుకో, వాళ్ళడిగితే వాళ్ళకే చెప్తాను" అన్నాడట. ప్లూటార్క్ చెప్పిన కథ ఇది.

ఇక మన నాస్తికుడి సంగతి. పేరు డయాగొరస్, మిలోస్ అనే మరో ద్వీపం వాడు. దేవుళ్ళని ఎగతాళి చేశాడని ఏథెన్సు వాళ్ళు అతని తల మీద వెల కట్టారు. ఒక మిత్రుడు అతనికి సమొత్రాకి గుళ్ళో వేలాడుతున్న మొక్కుబడి బొమ్మలన్నీ చూపించాడు. తుపానులో చిక్కుకుని, మొక్కుకుని, బతికి బయటపడ్డవాళ్ళు కృతజ్ఞతగా వేయించినవి. "దేవుళ్ళు మనుషుల్ని పట్టించుకోరంటావే, ఇంతమంది ఎలా బతికారో చెప్పు" అన్నాడు. దానికి డయాగొరస్, మొక్కుకుని కూడా మునిగిపోయినవాళ్ళ బొమ్మలు ఎక్కడా వేయించలేదే, అన్నాడు.

ఈ కథ మనకి చేరవేసింది రోమన్ సిసెరో, డయాగొరస్ పోయిన మూడు వందల ఏళ్ళకి పైగా గడిచాక. ఇదే జవాబుని సినిక్ తత్వవేత్త డయోజినిస్ ఖాతాలో వేసినవాళ్ళూ ఉన్నారు. కాబట్టి ఆ మాట డయాగొరస్ నోట వచ్చిందని నేను ప్రమాణం చెయ్యను. ఫ్రాన్సిస్ బేకన్ 1620లో తన 'నోవం ఆర్గానం'లో దీన్ని వాడుకున్నప్పుడు అసలు పేరే ఎత్తలేదు. ఎవరన్నా, ప్రశ్న మాత్రం గట్టిది. మనలో చాలామంది దీన్ని వాదనలో ఎదుటివాడి నోరు మూయించడానికి వాడతాం. టికెట్లు కొనడానికి కూడా ఇది పనికొస్తుందని ఈ రెండు నెలల్లో తెలిసింది.

మొదట వీసా. గ్రీసుకి షెంగెన్ వీసా కావాలి. 2024 జూన్ నుంచి ఫీజు 90 యూరోలు, పైగా 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. మా ఆవిడ చిలుకూరు వెళ్దామంది. హైదరాబాదు వాళ్ళకి చెప్పనక్కర్లేదు, వీసా బాలాజీ అని పేరుపడ్డ గుడి. కోరిక కోరుకుని 11 ప్రదక్షిణాలు, తీరాక 108. అక్కడ హుండీ లేదు, డబ్బు అడగరు. ఆ మేరకు మెచ్చుకోవాలి.

"మీరు నమ్మకపోతే మానెయ్యండి. పదకొండు చుట్లు తిరిగితే పోయేదేముంది?" అంది.

"నీ మోకాళ్ళు తప్ప ఏం పోవు. కానీ ఒక లెక్క చూడు" అని కాగితం తీశాను.

2024లో షెంగెన్ దేశాలకి మన దేశం నుంచి దాదాపు 11 లక్షల దరఖాస్తులు వెళ్ళాయి. తిరస్కరించినవి లక్షా అరవై వేలకు పైన. అంటే నూటికి సుమారు పదిహేను. ఇప్పుడు వెయ్యిమంది చిలుకూరు వెళ్ళి మొక్కుకున్నారనుకోండి, బాలాజీ ఏమీ చెయ్యలేదనే అనుకోండి. అయినా 850 మందికి వీసా వస్తుంది. మొదట వెయ్యిమందీ తిరిగినవి 11,000 చుట్లు. తరవాత ఆ 850 మందీ వచ్చి తిరిగేవి 91,800 చుట్లు. మీరు ఎప్పుడు వెళ్ళి నిలబడ్డా, మీ ముందు పడే ప్రతి పది చుట్లలో దాదాపు తొమ్మిది కోరిక తీరినవాళ్ళవే. వీసా రాని 150 మంది ఇంట్లో కూర్చుని ఉంటారు. వాళ్ళకి తిరిగే పని లేదు. అబద్ధం ఆడినవాడు ఒక్కడూ లేడు, మోసం చేసినవాడూ లేడు. అయినా ప్రాంగణమంతా మహిమతో నిండిపోయినట్టే కనిపిస్తుంది.

మా ఆవిడ బ్యాంకులో లెక్కలు చూసిన మనిషి. కాగితం రెండుసార్లు చదివి, "అయితే ఆ పదిహేనుమందికీ ఎందుకు రాలేదంట?" అంది. నాకు కావలసిన ప్రశ్న అదే. తిరస్కరణ పత్రం మీద కారణాలు అచ్చు వేసే ఉంటాయి. ప్రయాణం ఎందుకో సరిగ్గా చూపించలేదనీ, డబ్బు చాలదనీ, తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదనీ. ఆ సాయంత్రమే కూర్చుని బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపన్ను కాగితాలు, ఏ రోజు ఎక్కడ ఉంటామో ఒక పట్టిక తయారుచేశాం. మర్నాడు ఆమె చెల్లెలితో కలిసి చిలుకూరు కూడా వెళ్ళింది. కారు నేనే నడిపాను. మా సంఘం మిత్రులు దీనికి నన్ను నిలదీస్తారని తెలుసు. ఆమె కాళ్ళు, ఆమె ప్రదక్షిణాలు, నాకేం అభ్యంతరం? దారిలో మాత్రం ఒకటడిగాను, వీసా రాకపోతే బాలాజీని ఏమంటావని. "ఏమంటాను, నా భక్తిలోనే లోపం ఉందనుకుంటాను" అంది. ఆ లెక్క ఎప్పటికీ దేవుడి వైపే తేలుతుంది చూశారా!

వీసాది చిన్న విషయం. అసలు భయం ఓడ గురించి. మా ఆవిడది రాజమండ్రి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర, వరద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగింది. డెబ్బైమందికి పైగా ఎక్కితే బతికింది 26 మంది. అప్పటినుంచి ఆమె పడవ ఎక్కలేదు. అంతకు ముందటి శీతాకాలంలోనే మా వదినగారి పక్కింటివాళ్ళు పాపికొండలు వెళ్ళొచ్చి, "తప్పకుండా వెళ్ళాల్సిందే, భయమేం లేదు" అని మాకు గట్టిగా చెప్పారు. వాళ్ళు చెప్పింది నిజమే, వాళ్ళు వెళ్ళిన రోజుకి. ప్రమాదం తరవాత బతికినవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు "దేవుడి దయ" అన్న మాట చాలామంది నోట విన్నాను. వాళ్ళని నీళ్ళలోంచి లాగి ఒడ్డుకి చేర్చింది కచ్చులూరు గ్రామస్థులు. పోయినవాళ్ళు కూడా బయలుదేరేముందు దణ్ణం పెట్టుకునే ఉంటారు.

అందుకని ఈసారి "చాలా బాగుంది" అన్న మాటలు పక్కన పెట్టి, బాగోలేని రోజుల కోసం వెతికాను. మునిగిన గ్రీకు ఓడ ఒకటి వెంటనే దొరికింది. 2000 సెప్టెంబరు 26 రాత్రి పారోస్ ద్వీపం దగ్గర ఎక్స్‌ప్రెస్ సమీనా అనే ఓడ రాతిని గుద్దుకుని మునిగింది. 80 మందికి పైగా పోయారు. గాలి బలంగానే ఉంది, కానీ ముంచింది గాలి కాదు. ఆ సమయంలో ఓడ నడిపేవాళ్ళు దారి చూడటం లేదు. నీళ్ళు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోకుండా మూసి ఉంచాల్సిన తలుపులు తెరిచి ఉన్నాయి. తరవాత కెప్టెనుకీ, మొదటి అధికారికీ కోర్టు జైలుశిక్షలు వేసింది. ఇది మా ఆవిడకి చెప్పాలా వద్దా అని కొంచెం ఆలోచించి, చెప్పాను. దాచిపెట్టి తీసుకెళ్ళడానికి ఆమె సామాను కాదు కదా.

చిత్రంగా ఆమె ధైర్యం దాంతో పెరిగింది. మునగడానికి కారణం తలుపులైతే, తలుపుల గురించి అడగొచ్చు. గాలి ఒక స్థాయి దాటితే, ఓడ రకాన్ని బట్టి, గ్రీసు తీరరక్షక దళం ఓడల్ని రేవు వదలనివ్వదు. దాన్ని 'అపగోరెఫ్తికో' అంటారు, నిషేధం అని అర్థం. దాని మీద ప్రయాణికులు విసుక్కుంటారు, సెలవు పాడైందంటారు. కచ్చులూరు రోజున అలాంటి నిషేధం ఎవరైనా గట్టిగా అమలు చేసి ఉంటే, అని ఆమె ఆగిపోయింది. మేమిద్దరం కాసేపు ఏం మాట్లాడుకోలేదు.

డయాగొరస్‌దే ఇంకో కథ చెప్పి ఆమెని నవ్వించాను. అతను ఎక్కిన ఓడ తుపానులో పడింది. ఇలాంటి నాస్తికుణ్ణి ఎక్కించుకున్నందుకే మనకీ ఖర్మ అన్నారు తోటివాళ్ళు. అతను చుట్టూ అదే తుపానులో కొట్టుకుంటున్న మిగతా ఓడల్ని చూపించి, వాటన్నిటిలో కూడా డయాగొరస్ ఉన్నాడా అని అడిగాడట. "మీరు ఎక్కే ఓడలో మాత్రం నేనూ ఉంటాగా, సరిపోతుంది లెండి" అంది మా ఆవిడ.

ఇక తేదీలు. ఆగస్టులో అయితే ఉత్తరపు గాలి మెల్తెమి ఎక్కువ, జనమూ ఎక్కువ. 2019 ఆగస్టులో ఓడ చెడిపోయి పర్యాటకులు రోజుల తరబడి ఆ ద్వీపంలో చిక్కుకుపోయారు. వెళ్దామని గదులు తీసుకుని అసలు చేరలేనివాళ్ళూ ఉండే ఉంటారు. ద్వీపం ఎలా ఉందో వాళ్ళు సమీక్షలు రాయలేరు, చూస్తేగా! నక్షత్రాలన్నీ చేరినవాళ్ళు ఇచ్చినవే. సెప్టెంబరు చివర చల్లగా ఉంటుంది కానీ, 2017లో సరిగ్గా ఆ రోజుల్లోనే కొండమీది ఊరు హోరాని వరద ముంచెత్తింది. అక్కడొక జలపాతాల వాగు పేరే 'ఫొనియాస్', హంతకుడు అని. ఆ ఊరివాళ్ళు మునిగినవాళ్ళని మర్చిపోలేదు, వాగుకి పేరు పెట్టుకున్నారు.

కాబట్టి జూన్ రెండోవారం. వెళ్ళేటప్పుడు అలెగ్జాండ్రూపొలిలో ఒక రాత్రి, తిరుగు ప్రయాణంలో ఓడకీ విమానానికీ మధ్య రెండు రోజులు ఖాళీ. ఆ రెండు రోజుల హోటలు ఖర్చు దండగని మా బావమరిది అన్నాడు. గాలి లేకపోతే దండగే. దీక్షల గుడి 4వ శతాబ్దం చివర మూతపడింది, ఊదారంగు పట్టీలు ఇప్పుడు దొరకవు. ఓడ ఎక్కగానే లైఫ్‌జాకెట్లు ఏ అరలో ఉన్నాయో చూసి రావడం నా పని, బయటికి వెళ్ళే దారి చూసుకోవడం ఆమె పని అని పంచుకున్నాం. వీసా దరఖాస్తు వచ్చే నెల ఇవ్వాలి. జూన్ ఓడల పట్టిక ఇంకా రాలేదు.