మా ఇంట్లో స్పానిష్ పాఠాలు

మా అమ్మాయి బెంగుళూరులో బి.కాం.లో చేరినప్పుడు హాస్టలు సంగతి అడిగాము, ఫీజు సంగతి అడిగాము, తిండి సంగతి రెండుసార్లు అడిగాము. భాషాపాఠం క్రింద ఏమి తీసుకున్నావని మాత్రం అడగలేదు. నెల తిరిగిన తరువాత ఒక శనివారం సాయంత్రం రైలు దిగి ఇంటికి వచ్చి, పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ, "నైనా, నేను స్పానిష్ తీసుకున్నాను" అన్నది.

మా ఇంటావిడ చేతిలో గరిట ఆగిపోయింది.

"అది ఎవరితో మాట్లాడతావే?"

"ఇరవై దేశాల్లో మాట్లాడతారమ్మా. దాదాపు 50 కోట్లమంది."

"ఆ ఇరవైలో ధర్మపురి ఉన్నదా?"

మేము నవ్వాము గాని, నవ్వు గొంతు దిగలేదు. కారణం మా పెట్టె అడుగున ఉన్నది. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో హోసూరులో ఉన్నప్పుడు మా అమ్మ, అంటే పాపకు అవ్వ, వ్రాసిన కార్డులు ఒక కట్ట అక్కడ ఉన్నవి. అన్నీ తెలుగే. పాపకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. 2006లో వచ్చిన చట్టం వల్ల తమిళనాట ఒకటో తరగతి నుంచి తమిళమే మొదటి భాష అయింది. దాన్ని మేము తప్పుపట్టము. తమిళం మాకు అన్నం పెడుతున్న భాష, ఆఫీసులో పొద్దస్తమానం మేము వ్రాసేది అదే. తెలుగు అక్షరాలు నేర్పవలసిన బడి మా ఇల్లు. మా అమ్మ మమ్మల్ని అరుగుమీద కూర్చోబెట్టి, పలక చేతికిచ్చి నేర్పింది. మేము పాపతో "వచ్చే సెలవుల్లో" అంటూ పన్నెండేళ్ళు గడిపాము. ఇప్పుడు ఆ పిల్ల సముద్రాల అవతలి భాషకు నోటుబుక్కు కొంటే, కోపం ఎవరిమీద చూపించడం?

ఆదివారం మధ్యాహ్నం పాఠం అప్పచెప్పించుకోవడం మాకు పాత అలవాటు. మా చదువు పదోతరగతితో సరి. అయినా పుస్తకం పట్టుకుని "ఊఁ, చెప్పు" అనడానికి డిగ్రీ అక్కరలేదు గదా! అలా మేము కూడా స్పానిష్‌లో పడ్డాము.

మొదటి చిక్కు కుక్క దగ్గర వచ్చింది. ఆ భాషలో 'పెరో' అంటే కానీ, 'పెఱ్ఱో' అంటే కుక్క. రెండోదానికి నాలుకను గట్టిగా అదిలించాలి. పాప గుర్తుకోసం పక్కన తమిళ లిపిలో వ్రాసుకున్నది. తమిళంలో బండి ఱను జంటగా వ్రాస్తే 'ట్ర' అని చదవాలి. దాంతో ఆ మాట 'పెట్రో' అయి కూర్చున్నది. పక్కనే ఇంకొక అక్షరం పడితే 'పెట్రోర్', అంటే తల్లిదండ్రులు! "మమ్మల్ని కుక్కల జాబితాలో చేర్చావా తల్లీ?" అన్నాము. అది పడి పడి నవ్వింది.

అప్పుడు మేము పెన్సిలు తీసుకుని ఆ మాట పక్కన తెలుగులో 'పెఱ్ఱో' అని వ్రాశాము. "ఇదేమక్షరం నైనా? బండి చక్రం లాగా ఉన్నది" అన్నది. బండి ఱ అన్నాము. ఈ రోజుల్లో దాన్ని ఎవరూ వ్రాయడం లేదు, అన్నిటికీ మామూలు రకారమే. మా అమ్మ మాత్రం వదిలేది కాదు. పాప ఆ అక్షరాన్ని నోటుబుక్కు అంచున నాలుగైదుసార్లు దిద్దింది. మేము చూడనట్టు ఊరుకున్నాము.

రెండో చిక్కు మామిడిపండు. 'నాకు మామిడిపండు ఇష్టం' అని స్పానిష్‌లో వ్రాయమంటే, పాప ఇంగ్లీషు వరుసలో 'నేను ఇష్టపడతాను' అని మొదలుపెట్టి, 'యో గుస్తో' అని వ్రాసుకుపోయింది. అయ్యవారు ఎర్ర సిరాతో కొట్టివేశారు. వ్రాయవలసినది 'మె గుస్తా ఎల్ మాంగో'. ఎందుకో పాపకు అంతుపట్టలేదు. మేము ఆ రెండు మాటలూ చూసి, "ఇందులో ఏమున్నదమ్మా? 'నాకు మామిడిపండు నచ్చింది' అంటున్నారు వాళ్ళు" అన్నాము. పండు ఒకటైతే నచ్చింది, పండ్లు చాలా ఉంటే నచ్చినవి. వాళ్ళకూ అంతే: ఒకటైతే గుస్తా, చాలా అయితే గుస్తాన్. నచ్చే పని పండుది, మనది కాదు. పాప పుస్తకం మూసి మా ముఖం చూసింది. మా తెలుగు పాపకు కాలేజీలో పనికివస్తుందని అది ఎన్నడూ అనుకోలేదు. నిజం చెప్పవద్దూ, మేమూ అనుకోలేదు.

ఇంతకూ ఆ మాంగో అన్న మాట కేరళ తీరంలో 'మాంగా' అని విని పోర్చుగీసువాళ్ళు పట్టుకుపోయినదట. మన పాలక్కోడు మార్కెట్టులో తట్టలకొద్దీ దిగే టమాటా మాత్రం అటునుంచి ఇటు వచ్చింది. మెక్సికోలోని పాత జనం 'తొమాత్ల్' అనేవారు, స్పెయినువాళ్ళ నోట 'తొమాతె' అయింది. సపోటా కూడా ఆ ఇంటి పిల్లే.

ఈ విజయంతో మాకు కొంచెం గర్వం తలకెక్కింది. స్పానిష్‌లో ఇంగ్లీషు 'యామ్', 'ఈజ్' లకు బదులు రెండు క్రియలున్నవి: సేర్, ఎస్తార్. ఎక్కడ ఏది అన్నది కొత్తవాళ్ళకు ప్రాణసంకటం. మేము సూత్రం చెప్పాము: "తెలుగులో 'ఉండు' వస్తే ఎస్తార్ వెయ్యి, రాకపోతే సేర్." 'నేను గుమాస్తాను' అనడంలో ఉండు లేదు, కనుక సేర్. 'ఇంట్లో ఉన్నాను', 'బాగున్నాను' వీటికి ఎస్తార్. చక్కగా కుదిరింది. పాప కూడా నమ్మింది.

పరీక్షలో 'నాకొక తమ్ముడు ఉన్నాడు' అని వచ్చింది. పాప మా సూత్రం ప్రకారం ఎస్తార్ వేసింది. అక్కడ ఆ రెండూ పనికిరావు. కలిగి ఉండడానికి తేనేర్ అని వేరే క్రియ ఉన్నదట. 'ఊరు అందంగా ఉన్నది' అన్నచోట సేర్ వెయ్యాలట. నాలుగు మార్కులు పోయినవి. ఫోనులో ఆ సంగతి చెబుతూ పాప ఏమీ అనలేదు. అందువల్ల మాకు మరీ కష్టమనిపించింది. ఆ వారమంతా ఆఫీసులో అదే ధ్యాస. అరకొర తెలివితో పిల్లకు పాఠం చెప్పబోయి మార్కులు పోగొట్టాము గదా!

మా ఇంటావిడకు మాత్రం ఆ భాషతో తగాదా వేరే. మేనమామకూ, చిన్నాయనకూ, పెదనాయనకూ 'తీయో' అని ఒకటే మాట అని విన్నది. మేనబావనూ పెదనాయన కొడుకునూ కూడా 'ప్రీమో' అనే పిలుస్తారని విన్న తరువాత ఇక ఆగలేదు. "అయ్యో, మరి పెళ్ళి సంబంధాలు ఎట్లా చూసుకుంటారు వాళ్ళు?" అన్నది. పాప దీనిని తరగతిలో చెప్పిందట. అయ్యవారు నవ్వి, అది మంచి ప్రశ్నే అన్నారట. అప్పటినుంచి మా ఇంటావిడకు స్పానిష్ మీద కొంత దయ కలిగింది.

క్రిందటి నెలలో పాప వచ్చినప్పుడు రేషను కార్డుకోసం పెట్టె తెరిచాము. అవ్వ కార్డులు బయటపడ్డవి. పాప ఒకటి తీసి వెలుతురుకు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. ఉన్నట్టుండి ఒకచోట వేలు పెట్టి, "నైనా! పెఱ్ఱోలో ఱ!" అని కేక వేసింది.

మేము కళ్ళజోడు పెట్టుకుని చూశాము. 'మన చెఱువు నిండినది' అని ఉన్నది. అది చదివి వినిపించాము. ఏ చెరువు, ఏ సంవత్సరం అని అడిగింది. కార్డుమీది ముద్ర చెరిగిపోయింది, చెప్పలేకపోయాము. ఆమె వేలు ఆ అక్షరం మీదనే ఉంచి, "దీనికి ముందున్నది చె, తరువాతది వు. అంతేనా?" అన్నది.

అంతే అన్నాము. సోమవారం తెల్లవారుజామున రైలు. ఆ కార్డును తన ఫోనులో ఫోటో తీసుకుని వెళ్ళింది.